ఎన్నారై సందేహాలు: పిల్లలు వినే పాటలు, మనం చూసే సినిమాలు

అమెరికాకు కొత్తగా వచ్చిన తెలుగు క్రైస్తవ కుటుంబాలు మా సంఘంలో తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: హైస్కూల్లో చేరిన మా అబ్బాయి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీయడం లేదు, ఏం వింటున్నాడో మాకు అర్థం కావడం లేదు, ఫోన్ లాగేసుకోవాలా? వద్దనే నా సలహా. లాగేసుకుంటే స్నేహితుడి ఫోన్లో చూస్తాడు. చూసినదాన్ని మీతో చెప్పడం మాత్రం మానేస్తాడు.

ముందుగా సరిచూసుకోవలసింది మన ఇంట్లోని కొలబద్దను. ఇంగ్లిష్ పాటలను లోకసంబంధమైనవని తోసిపుచ్చే కుటుంబాలే శనివారం పిల్లలను వెంటబెట్టుకుని తెలుగు సినిమాకు వెళ్తుంటాయి. ఏ వయసువారు చూడవచ్చో చెప్పే రేటింగ్‌ను అమెరికాలో తీసుకోవడం తప్పనిసరి కాదు కాబట్టి, మన సినిమాలు చాలావరకు పీజీ-13, ఆర్ వంటి గుర్తులేవీ లేకుండానే ఇక్కడ ఆడతాయి. భారత సెన్సార్ బోర్డు 2024 నుంచి యూఏ (పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడవలసిన) సర్టిఫికెట్‌ను 7, 13, 16 ఏళ్ల వయసులవారీగా విడదీసి ఇస్తోంది. టికెట్ కొనేముందు కనీసం దాన్నైనా చూడాలి. వద్దన్న అమ్మాయి వెంటపడి చివరికి ఆమెచేత ఔననిపించుకోవడమే ప్రేమ అని చూపే కథకు చప్పట్లు కొట్టి, ఇంటికొచ్చి ర్యాప్ పాటలోని బూతును ఖండిస్తే, పదిహేనేళ్ల పిల్లలకు ఆ పక్షపాతం వెంటనే తెలిసిపోతుంది. మా యూత్ మీటింగ్‌లో ఒక అమ్మాయి తండ్రి ఎదుటే అడిగింది: "డాడీ, అదే మాట తెలుగులో అంటే పర్వాలేదా?" ఆయన సమాధానం చెప్పలేకపోయారు.

చుట్టూ ఉన్న సంస్కృతితో ఎలా మెలగాలో బైబిల్లోనే చూడవచ్చు. ఏథెన్సులో అపొస్తలుడైన పౌలు విగ్రహాలను చూసి ఎంత పరితపించినా ముఖం తిప్పుకోలేదు. వాటిని నిదానించి చూశాడు, ఆ ఊరి సభాస్థలమైన అరేయొపగులో నిలబడి ఆ ప్రజల కవుల మాటనే ఎత్తి మాట్లాడాడు. బబులోనుకు చెరపట్టబడిన దానియేలు అక్కడి కల్దీయుల విద్యనూ భాషనూ నేర్చుకున్నాడు, రాజు భోజనాన్ని మాత్రం వద్దన్నాడు. 1803లో పుట్టిన తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌధరి గారు తన కీర్తనలను ఆనాటి జనం ఎరిగిన రాగతాళాల్లోనే కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం ఇప్పటికీ అచ్చువేసి ఉంటాయి. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు ఈ సంగతి చెప్పి చూడండి, ఎంతో ఆసక్తిగా వింటారు.

ఇక ఇంట్లో చేయవలసింది: వారానికి ఒక పాటను పిల్లలనే ఎంచుకోమనండి, సాహిత్యాన్ని తెరమీద పెట్టుకుని చివరిదాకా కలిసి వినండి, మధ్యలో ప్రసంగం మొదలుపెట్టకండి. తరువాత అడగండి: ఈ పాట దేన్ని సుఖమంటోంది, ఎవరిని చులకన చేస్తోంది, ఇందులో నిజమెంత? ఒక్కోసారి ఆ పాటలో మనం ఊహించని ఒంటరితనం వినిపిస్తుంది. అప్పుడు బైబిల్లోని 88వ కీర్తన కలిసి చదవవచ్చు; అది ఓదార్పుతో కాక చీకటితోనే ముగుస్తుంది. తన దుఃఖానికి బైబిల్లో చోటుందని తెలిసిన పిల్లవాడు ఆ దుఃఖాన్ని మీ దగ్గరకే తెస్తాడు.

అన్నిటినీ చర్చకు పెట్టమని నేననడం లేదు. అశ్లీల చిత్రాల విషయంలో కాదన్న మాట కాదన్నట్టే ఉండాలి. రాత్రిపూట ఫోన్లు పడకగదిలోకి వెళ్లకూడదు. అమ్మానాన్నల ఫోన్లు కూడా హాల్లోనే ఛార్జింగ్‌లో ఉండాలి. తెలుగు ప్రసంగం పూర్తిగా అర్థంకాని పిల్లలకు సంఘంలోని కాలేజీ విద్యార్థి ఒకరిని అన్నగానో అక్కగానో తోడుపెట్టమని పాస్టర్ గారిని అడగండి. మీతో చెప్పలేని ప్రశ్నను వాళ్లతోనైనా చెప్పుకుంటారు.