ఆవు మూత్రంలో ఒత్తిడి హార్మోన్ల పరీక్ష: ఏ పీజీ చేయాలి?

ప్రశ్న: గన్నవరం పశువైద్య కళాశాలలో బీవీఎస్సీ చివరి ఏడాది చదువుతున్నాను. ప్రాక్టీసు కన్నా ల్యాబ్ పని ఇష్టం. ఆవు మూత్రంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను కొలిచి, ఆ ఆవు ఎంత ఒత్తిడికి లోనైందో చెప్పొచ్చని చదివాను. దీన్ని నమ్ముకుని పీజీ చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు. అయితే ‘ఒత్తిడి హార్మోన్ల నిపుణులు కావలెను’ అని నోటిఫికేషన్ పడదు. ఈ పని ఎండదెబ్బ, రవాణా, కొట్టాల వసతుల మీద జరిగే పరిశోధనల్లో ఉంటుంది. మాంసం, పాలలో మందుల అవశేషాలు వెతికే ల్యాబుల్లోనూ ఉంటుంది. మొదటిదానికి ఎంవీఎస్సీ ఫిజియాలజీ, రెండోదానికి ఫార్మకాలజీ-టాక్సికాలజీ సరిపోతాయి. బయోకెమిస్ట్రీ రెండింటికీ పనికొస్తుంది. ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ప్రవేశ పరీక్ష రాసి కర్నాల్ ఎన్‌డీఆర్‌ఐ (జాతీయ పాడి పరిశోధన సంస్థ), ఇజ్జత్‌నగర్ ఐవీఆర్‌ఐ (భారత పశువైద్య పరిశోధన సంస్థ) వంటి చోట్లకూ ప్రయత్నించండి.

రక్తం ఉండగా మూత్రం దేనికంటే, పశువును పట్టి సూది గుచ్చిన కొద్ది నిమిషాల్లోనే రక్తంలో కార్టిసాల్ పెరిగిపోతుంది. మూత్రాశయంలో ఉన్నది మాత్రం అంతకుముందు గంటల లెక్క. అందుకే సేకరణ దగ్గరే సగం పని ఉంది. ఆవు లేచి నిలబడ్డాక, తోక పక్కకు పట్టి, యోని కింది చర్మాన్ని వేళ్లతో మెల్లగా కిందికి నిమిరితే చాలావరకు మూత్రం పోస్తుంది. తెల్లారుజామున పంచితం పట్టే ఇళ్లలో ఇది తెలిసిన విద్యే. మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాలి. పేడ చుక్క పడిందా, ఆ నమూనా పారేయాల్సిందే. పేడలోని బ్యాక్టీరియా కార్టిసాల్‌ను ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌గా మార్చగలదు, దాన్ని మందుగానూ వాడతారు. వెంటనే ఐసులో పెట్టి, ఒక్కోటి రెండు మూడు చిన్న ట్యూబుల్లోకి పంచి, మైనస్ 20 డిగ్రీల్లో దాచాలి. ఒకే ట్యూబును పదేపదే కరిగించి గడ్డకట్టిస్తే ఫలితం మీద నమ్మకం పోతుంది.

ల్యాబులో ఒక మామూలు పద్ధతి ఇలా ఉంటుంది. 2 మిల్లీలీటర్ల మూత్రానికి డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) కలిసిన కార్టిసాల్‌ను కొలిచి, ముందుగానే కలుపుతారు. తర్వాత జరిగే నష్టమంతా దానికీ సమానంగా జరుగుతుంది కాబట్టి లెక్క సరిపోతుంది. మూత్రంలో వేరే పదార్థాలకు అతుక్కుని ఉన్న కార్టిసాల్‌ను ఎంజైముతో విడగొట్టాలంటే పీహెచ్ 5 దగ్గరికి తేవాలి. ఆవు మూత్రం క్షారగుణంది, బైకార్బొనేట్ ఎక్కువ. ఆమ్లం ఒక్కసారిగా పోస్తే బుసబుసా నురగ లేచి ట్యూబు దాటి పొర్లిపోతుంది, నమూనాలో కొంత బల్ల మీదే ఉంటుంది. చుక్కచుక్కగా వేయాలి. 37 డిగ్రీల్లో రాత్రంతా ఉంచి, సీ18 కాట్రిడ్జ్‌లో (స్టెరాయిడ్లను పట్టి ఉంచే చిన్న గొట్టం) పట్టి, నీటితో కడిగి, మెథనాల్‌తో దింపి, నైట్రోజన్ కింద ఆరబెట్టి, ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్‌కు (పదార్థాలను కాలమ్ అనే గొట్టంలో విడదీసి, అణువుల బరువును బట్టి గుర్తించే మెషీన్) పంపాలి. ఎంజైము వాడారో లేదో రిపోర్టులో రాయకపోతే ఆ అంకెను వేరే ల్యాబు అంకెతో పోల్చలేం.

ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేస్తారు. కార్టిసాల్ నుంచి ఒంట్లోనే తయారయ్యే కార్టిసోన్, ప్రెడ్నిసోలోన్ రెండింటి ఫార్ములా ఒకటే, అణుభారం 360.4. బరువు చూసి మెషీన్ వాటిని విడదీయలేదు, కాలమ్‌లోనే విడిపోవాలి. యాంటీబాడీతో హార్మోన్‌ను పట్టి కొలిచే ఎలీసా కిట్ చౌక, కానీ దానిలోని యాంటీబాడీ కార్టిసాల్‌ను పోలిన స్టెరాయిడ్లకూ అంటుకుంటుంది, అంకె ఎక్కువ చూపిస్తుంది. పెద్ద సంఖ్యలో నమూనాలు జల్లెడ పట్టడానికి అది చాలు, తీర్పు చెప్పడానికి చాలదు.

ఈ తీర్పుకు చాలా విలువ ఉంది. పశువులను పెంచడానికి హార్మోన్ల వాడకాన్ని ఐరోపా సమాఖ్య నిషేధించింది. అక్కడ మూత్రంలో ప్రెడ్నిసోలోన్ దొరికితే రైతు మీద అనుమానం పడుతుంది. కానీ కబేళాకు తెచ్చిన, బెదిరిన పశువుల్లో అది కొద్దిగా సహజంగానూ కనబడుతుందని ఇటలీలో తేల్చారు. మందు ఇచ్చారా, ఒత్తిడి వల్ల వచ్చిందా అని విడమరచగలవాళ్లు కావాలి. ఆ పశువు ఒళ్లు తెలిసిన డాక్టరుకు ఇందులో కెమిస్టుకు లేని బలం ఉంటుంది.

క్రియాటినిన్ మర్చిపోకండి. అది కండరాల నుంచి మూత్రంలోకి వచ్చే వ్యర్థం, మూత్రం ఎంత పలచనైందో దానితో తెలుస్తుంది. ఉదాహరణకు ఒక ఆవుకు కార్టిసాల్ మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు, క్రియాటినిన్ 1 మిల్లీగ్రాము. కడుపునిండా నీళ్లు తాగిన ఇంకో ఆవుకు 5, 0.5. రెంటికీ నిష్పత్తి మిల్లీగ్రాము క్రియాటినిన్‌కు 10 నానోగ్రాములే, రెండోది ప్రశాంతంగా ఉందనుకుంటే పొరపాటు. చికిత్స రికార్డూ అడగండి. డెక్సామెథసోన్ (స్టెరాయిడ్ మందు) పడ్డ ఆవు సొంత కార్టిసాల్ తగ్గిపోతుంది, ఎంత బెదిరినా అంకె తక్కువే కనబడుతుంది.

ఇంటర్న్‌షిప్‌లోనే మొదలుపెట్టండి. జంతు నైతిక కమిటీ అనుమతి తీసుకుని, ఒకే ఫారంలో పది ఆవులకు మామూలు రోజున ఒకసారి, వాహనంలో తరలించిన రోజున ఒకసారి మూత్రం పట్టండి. కాలేజీలో పెద్ద మెషీన్ లేకపోతే ఎలీసాతో, క్రియాటినిన్ జాఫె పద్ధతిలో (రంగు మార్పును కొలిచే పరీక్ష) చేయండి. ప్రతి ట్యూబు మీద సమయం, ఆవు ఎన్నో ఈతలో ఉందో, చివరి చికిత్స రాసిపెట్టండి. పీజీ ఇంటర్వ్యూకు ఆ నోటుబుక్కు పట్టుకెళ్లండి.