రక్తపిశాచాల కథలో అమ్మని చంపేముందు కాస్త లెక్క చూసుకోండి

అడిగింది ఇది: బెజవాడలో రక్తపిశాచాల ప్రళయం మీద నవల రాస్తున్నారు, కూతురి కోసం తల్లి ప్రాణమిచ్చే ఘట్టం చదివినవాళ్లంతా "సినిమాలా ఉంది" అంటున్నారు, ఎలా బాగుచేయాలి?

ముందు ఆ చావు తీసేయండి. "నువ్వు పారిపో తల్లీ" అని అరిచి గుంపులోకి దూకడం రెండు నిమిషాల పని. చచ్చిపోయిన అమ్మకి ఇక కష్టం లేదు, రచయితకి అంతకన్నా లేదు. మన కథల్లో అమ్మని దేవతని చేసి గబగబా సాగనంపేస్తారు. ఆవిడ తప్పు చేయగలదని ఒక్కరూ రాయరు. ఈ తరహా భయానక కథకి అసలు ఇంధనం ఆ తప్పే.

1897 నాటి 'డ్రాక్యులా' నవలలో, రక్తపిశాచం వాతపడుతున్న లూసీ అనే అమ్మాయి తల్లి సంగతి చూడండి. పిశాచం రాకుండా డాక్టరు పిల్ల గది నిండా వెల్లుల్లి పూలు పెట్టించి, కిటికీలు బిగించి, మెడలో కూడా పూలదండ వేసి వెళ్తాడు. తల్లికి గుండెజబ్బు. అందుకని అసలు విషయం ఆవిడకి ఎవరూ చెప్పరు. రాత్రి పిల్ల ఎలా ఉందో చూద్దామని వస్తుంది. గది ఉక్కగా ఉంది, ఘాటు వాసన, నీరసంగా ఉన్న బిడ్డకి ఇది పడదనుకుంటుంది. పూలన్నీ తీసేసి కిటికీ కొంచెం తెరుస్తుంది. పొద్దున్నే డాక్టరుకి ఆ మాట సంతోషంగా చెబుతుంది, మంచిపని చేశానని. ఆవిడ ఎదుట నిబ్బరంగా నిలబడ్డ ఆ మనిషి, ఆవిడ అటు వెళ్లగానే కూలబడి ఏడుస్తాడు.

దీన్ని సత్యనారాయణపురంలో రెండు గదుల పోర్షన్‌లోకి తెచ్చుకోండి. మే నెల, కరెంటు లేదు, పిల్ల వీపంతా చెమట. ఏ తల్లి కిటికీ తెరవదు? "అమ్మకి చెప్పకండి, బీపీ ఉంది" అనే మాట లేని ఇల్లుందా? కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఆవిడ దగ్గర నిజం దాచిందెవరన్నది. భర్తా, పెద్దకొడుకా, వీధి చివర డాక్టరా? తెలియకుండా చేసింది ప్రమాదం. తెలిసి, లెక్క వేసుకుని, మళ్లీ మర్నాడు కూడా చేసేదే త్యాగం.

పిలవందే పిశాచం గడప దాటదన్న నియమం వాడుతున్నారా? అయితే జాగ్రత్త. మన ఇళ్లలో తలుపు చప్పుడైతే ఎవరో చూడకముందే "రండి" అనేస్తాం. బయట "అమ్మా" అని వినపడితే ఇక చెప్పక్కర్లేదు. గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న ఊళ్లకి ఇంకో ఇబ్బంది. ఈ నియమం ప్రకారం అది రేపటికి పిలుపే.

ఇక రక్తం. పిశాచంగా మారిన కూతురికి తల్లి రోజూ గ్లాసుడు రక్తం ఇస్తుందని రాసేవాళ్లు చాలామంది. 50 కిలోల స్త్రీ ఒంట్లో ఉండేదే సుమారు 3.25 లీటర్లు. అందులో 15 శాతం, అంటే దాదాపు అర లీటరు వరకు ఒకేసారి పోయినా పెద్దగా తెలియదు. లీటరు దాటితే గుండె దడ, చల్లటి చెమటలు, అయోమయం. 1.3 లీటర్లు దాటితే, వెంటనే రక్తం ఎక్కించకపోతే ప్రాణం మీదకొస్తుంది.

రోజుకి 200 మి.లీ. తీస్తే ఒంట్లో నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో పూడుతుంది గానీ ఎర్ర కణాలకి వారాలు పడుతుంది. 12 ఉన్న హిమోగ్లోబిన్ వారం తిరిగేసరికి 8 దగ్గరికి వస్తుంది. రెండో వారం గ్లాసులో ఉండేది పలచటి రక్తం. తల్లి అంతే ఇస్తోంది, పిల్ల ఆకలి మాత్రం తీరడం లేదు. మీ కథని నడిపేది ఇదే, కత్తులూ కేకలూ కాదు. ఇనుము తగ్గిన మనిషి మెట్లెక్కితే ఆయాసపడుతుంది, కొన్నాళ్లకి పచ్చి బియ్యమో బలపాలో నమలడం మొదలెడుతుంది. ఆ బియ్యం నమిలే చప్పుడు రాయండి, "పాలిపోయింది" అని రాయక్కర్లేదు.

అరచేయి కోసుకోవడం మానిపించండి. వేళ్లని ముడిచే తాళ్లలాంటి స్నాయువులు తెగితే మర్నాడు చెంబు పట్టుకోలేదు. గ్లాసులో పట్టిన రక్తం పది నిమిషాల్లోపే గడ్డకడుతుంది. బ్లడ్ బ్యాంకు సంచిలో గడ్డకట్టనివ్వని మందు ముందే ఉంటుంది కాబట్టి 2 నుంచి 6 డిగ్రీల మధ్య 35 రోజులు నిలవుంటుంది. జనరేటర్‌లో డీజిల్ అయిపోతే ఆ గడువు కూడా లేదు.

మన దేశంలో ఆడవాళ్లు ఒకసారి రక్తదానం చేస్తే మళ్లీ నాలుగు నెలలు ఆగాలి. పిల్లకి వారానికి ఒక 350 మి.లీ. సంచి కావాలంటే ఒక్క తల్లి చాలదు, పదిహేడు పద్దెనిమిది మంది కావాలి. అంటే పక్క పోర్షన్ పిన్నిగారు, పైన అద్దెకున్న కుర్రాడు. అమ్మ త్యాగం ఇతరుల ఒంట్లోంచి తీయడంగా మారే చోటు ఇది. మీ నవల అక్కడ మొదలైతే బాగుంటుంది.

నాన్న చేతికి కర్ర ఇచ్చి తలుపు దగ్గర నిలబెట్టి మర్చిపోతారు, అదొకటి. ఇంకొకటి, దయచేసి గుంటూరు కారం చల్లి పిశాచాల్ని తరమకండి. ఆ జోకు అరిగిపోయింది.

వ్యాప్తి కూడా లెక్కేయండి. ఒక్కో పిశాచం రాత్రికి ఒకరిని మారిస్తే ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు. ఇరవయ్యో రాత్రికి 10,48,576. 2011 లెక్కల్లో విజయవాడ జనాభా 10 లక్షల పైచిలుకు. మూడు వారాల్లోపే ఊరు ఖాళీ, అమ్మకి బియ్యం నమిలే సమయం కూడా ఉండదు. ఒకరిని మార్చడానికి కనీసం వారం పట్టేలా చేయండి.

పారే నీటిని దాటలేవన్న పాత నియమం పెట్టుకుంటే బందరు, ఏలూరు, రైవస్ కాలవలు ఊరికి కోటగోడలే. కానీ ఎండాకాలం కాలవలు కట్టేస్తారు, అప్పుడు అడుగున బురదే. ఆ రోజుల్లో పగలు మాత్రం దాదాపు 13 గంటలు. డిసెంబరులో రాత్రే 13 గంటలు. కథ ఏ నెలలో మొదలవుతుందో మీ ప్రశ్నలో లేదు. ముందు అది తేల్చుకోండి, తల్లి ఎన్ని గంటలు మేలుకోవాలో దాన్నిబట్టే ఉంటుంది.