ప్లగ్ పెట్టే ముందు ఒక్క కెపాసిటర్

చి. శీనుకి మామయ్య ఆశీస్సులు.

ఫొటోలు చూశాను. హామ్‌ఫెస్ట్‌లో, అదే హామ్ రేడియో వాళ్ల సంతలో, నువ్వు కొన్నది మంచి సరుకే రా, అమెరికన్ మిలిటరీ కోసం కాలిన్స్ వాళ్లు డిజైన్ చేసిన ఆర్-390ఏ ట్యూబ్ రేడియో రిసీవర్. ఇంకా ప్లగ్ పెట్టలేదు కదా? పెట్టకు. ఒక్కడివే ఎత్తకు కూడా, 38 కిలోల పైమాటే.

ముందు ఐఎఫ్ డెక్, అంటే సిగ్నల్‌ని వడపోసి పెంచే భాగం, బయటికి తీసి సీ553 అనే కెపాసిటర్ వెతుకు. 0.01 మైక్రోఫారడ్, చిన్నదే. ట్యూబుల హైవోల్టేజ్ మెకానికల్ ఫిల్టర్లలోకి పోకుండా ఆపేది అదే. ఇన్నేళ్ల తర్వాత అది లీకైతే డీసీ వెళ్లి ఫిల్టర్ లోపలి వెంట్రుకంత తీగను కాల్చేస్తుంది. పక్క స్టేషన్లను వడకట్టేవి ఈ ఫిల్టర్లే. 2, 4, 8, 16 కిలోహెర్ట్జ్ వెడల్పులకి నాలుగుంటాయి, సెట్‌కి ప్రాణం అవే. నాది 4 కిలోహెర్ట్జ్‌ది పోయింది. కొన్న రాత్రే ఆత్రం ఆగక ఆన్ చేశా. ఇరవై నిమిషాలు బ్రహ్మాండంగా పలికి మూగబోయింది. మీ అత్త అడిగితే ‘వేడెక్కిందిలే’ అని అబద్ధమాడా. 600 వోల్టుల కొత్త ఫిల్మ్ కెపాసిటర్ వేసి ఉంటే సరిపోయేది, కాఫీ ఖర్చు కూడా కాదు.

తర్వాత పైమూత తీసి మెగాసైకిల్ నాబ్ మెల్లగా తిప్పి చూడు. స్లగ్గులు, అంటే ట్యూనింగ్ కోసం కాయిల్స్‌లోకి దిగే ముక్కలు, కడ్డీలకు వరుసగా వేలాడుతుంటాయి. క్యామ్‌లు తిరిగేకొద్దీ ఒక కడ్డీ లేస్తుంది, ఇంకోటి దిగుతుంది, మగ్గం ఆడుతున్నట్టే. గ్యాంగ్ కండెన్సర్ (రేకులు తిరిగే ట్యూనింగ్ కెపాసిటర్) ఉన్న మామూలు రేడియోలో డయల్ మీద అంకెలు ఒక చివర కిక్కిరిసి ఉంటాయి. ఇందులో ఆ గొడవ లేదు. కిలోసైకిల్ నాబ్ ఒక చుట్టుకి 100 కిలోహెర్ట్జ్, ఎక్కడైనా అంతే. అందుకే సూది బదులు కారు ఓడోమీటర్‌లా అంకెల చక్రాలు పెట్టగలిగారు, 1950లలోనే!

నాబ్ బిగుసుకుంటే బలవంతం చేయకు. గడ్డకట్టిన గ్రీజును బ్రష్‌తో కడిగి, పల్చటి నూనె చుక్కచుక్కగా వెయ్యి. గేర్లు మాత్రం విప్పకు. లూజు రాకుండా ఒక్కో చక్రాన్ని రెండు పలకలుగా చేసి స్ప్రింగుతో బిగించారు. ఆ బిగింపు ఒకసారి పోగొట్టుకుని రెండు ఆదివారాలు కూర్చున్నాను.

ఎర్త్ తప్పనిసరి. లైన్ ఫిల్టర్ కాస్త కరెంటును బాడీకి వదులుతుంది, అందుకే కరెంటు లీకైతే ఆపేసే జీఎఫ్‌సీఐ సాకెట్ ట్రిప్ అవుతుంది, కంగారు పడకు. కొన్ని సెట్ల మీటర్లలో అసలైన రేడియం పూత ఉంటుంది, అది రేడియోధార్మికం కాబట్టి వాటి అద్దం తీయొద్దు. ఔట్‌పుట్ 600 ఓములు, నీ 8 ఓముల స్పీకర్‌కి మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

ఇవన్నీ అయ్యాక 10 మెగాహెర్ట్జ్‌కి తిప్పు. కొలరాడో నుంచి డబ్ల్యూడబ్ల్యూవీ అనే స్టేషన్ వాళ్ల టైమ్ సిగ్నల్ టిక్కుటిక్కుమంటుంది. అంకెలు అటూఇటూ ఉంటే జీరో అడ్జస్ట్ నాబ్‌తో సరిచేసుకో. అది వినపడగానే నాకు ఫోన్ చేసి, స్పీకర్ దగ్గర పెట్టు. అర్ధరాత్రయినా ఫర్వాలేదు.

మీ మామయ్య