నాన్నే కోచ్ అయితే ఎలా ఉంటుంది?

"మా ఆయన పిల్లలకి క్రికెట్ కోచింగ్ ఇస్తాడు, ఇప్పుడు మా పాపని కూడా చేర్చుకుంటానంటున్నాడు, సొంత నాన్న దగ్గర నేర్చుకోవడం మంచిదేనా" అని అడిగారు. మంచో చెడో ఒక్క మాటలో తేల్చలేను గానీ, నాకు జరిగింది చెప్తాను.

మాది ఒడిశాలో గంజాం జిల్లా, బరంపురం. తాతల కాలంలో ఇచ్ఛాపురం నుంచి వచ్చి స్థిరపడ్డాం, ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. నాన్న పగలు రైస్ మిల్లులో గుమాస్తా, తెల్లవారుజామున, మళ్లీ సాయంత్రం వెయిట్‌లిఫ్టింగ్ కోచ్. కోచ్ అంటే జీతం గీతం ఏమీ లేదు. ఒక రేకుల షెడ్డు, రెండు రాడ్లు, అరిగిపోయిన రబ్బరు ప్లేట్లు, మూలన కొన్ని వెదురు కర్రలు.

కొత్తగా వచ్చిన పిల్లలకి మూడు నెలలు ఆ కర్రే. ప్లేట్లు లేని ఖాళీ రాడ్డే మగవాళ్లది 20 కిలోలు, ఆడవాళ్లది 15 కిలోలు ఉంటుంది, పదకొండేళ్ల పిల్లాడి చేతికి అదిస్తే వాడు చేతులతో లాగడం నేర్చుకుంటాడు, ఇక ఆ అలవాటు పోదు. "చేతులు తాళ్లురా, తాళ్లు లాగవు, కాళ్లు తోస్తాయి" అనేవాడు. రాడ్ ఒంటికి రాసుకుంటూ పైకి రావాలి, జానెడు ముందుకి పోయినా మనిషిని లాక్కుపోతుంది. ఒడియా పిల్లలకి "టెక్, టెక్" అని, తెలుగు పిల్లలకి "లేపు, లేపు" అని అరిచేవాడు, ఊపులో ఉంటే ఎవరికి ఏది అరుస్తున్నాడో ఆయనకే తెలిసేది కాదు. ప్రాక్టీస్ అయ్యాక నలుగురైదుగురు మా ఇంటికే వచ్చేసేవాళ్లు. మేం చద్దన్నం అంటాం, వాళ్లు పఖాళ అంటారు, గిన్నె మాత్రం ఒకటే, అది ఖాళీ అవుతుంటే అమ్మ ముఖం చూడాలి!

2000 సెప్టెంబరులో సిడ్నీలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో (రాడ్ ఒకే ఊపున తల పైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, అక్కణ్ణుంచి తల పైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే అప్పుడు మొదటిసారి. ఆమెది ఆమదాలవలస దగ్గర, అంటే మా స్టేషన్లో రైలెక్కితే అదే లైను. ఇక నాన్నకి ఆ వారమంతా నేల మీద కాలు ఆనలేదు. ఇకనుంచి ఆడపిల్లలకి కూడా నేర్పుతానని వీధంతా చెప్పుకొచ్చాడు. ఎవరూ పంపలేదు. దాంతో నేను దొరికాను.

షెడ్డులో మూడేళ్లు బాగానే గడిచింది. నిజానికి ఇంట్లో ఆయన అసలు కోచ్‌లా ఉండేవాడు కాదు, జడ వేయడం దగ్గర నుంచి లెక్కల హోంవర్క్ దాకా అన్నీ ఓపిగ్గా చూసుకునే మెత్తటి మనిషి. ఆ నాన్న షెడ్డులోకి వచ్చిన రోజే గొడవ.

2003లో కటక్‌లో పోటీలు, నాది 53 కిలోల కేటగిరీ, అంటే ఒంటి బరువు లెక్క. పోటీలో స్నాచ్‌కి మూడే ఛాన్సులు, మొదటి బరువు ఎంతో ముందే రాసివ్వాలి, రాడ్ మీద బరువు ఎక్కడమే గానీ దిగడం ఉండదు. మూడూ పోయాయా, ఇక టోటల్, అంటే స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ రెండూ కలిపిన లెక్క, లేనట్టే. అందుకే నాన్న అందరికీ మొదటిది నిద్రలో లేపినా ఎత్తగలిగే బరువే రాసేవాడు. ప్రాక్టీస్‌లో నేను 55 ఎత్తింది అంతకుముందు రెండే రెండుసార్లు. నాకు 50 రాయాలి. 55 రాశాడు.

మొదటిది వెనక్కి పడిపోయింది. రెండోది ముందుకి. మూడోది ఎత్తాను, కానీ పైన మోచెయ్యి వంగి మళ్లీ నిటారైంది, అది ఫౌల్. ఎర్ర లైట్లు. అక్కడే కూలబడి ఏడ్చాను, ఆయన టవల్ తెచ్చి కప్పాడు, ఏమీ అనలేదు.

రాత్రి రైల్లో తిరుగు ప్రయాణం. కిటికీ అవతల చిలికా సరస్సు, చీకట్లో నీళ్లు కూడా కనపడవు, గాలిలో చేపల వాసన మాత్రం వస్తుంది. బాలుగావ్ దాటాక అన్నాడు, "యాభై రాయాల్సిందమ్మా. ఇంకో పిల్లైతే యాభయ్యే రాసేవాణ్ణి." ఎందుకు రాయలేదని నేనడగలేదు, ఆయనా చెప్పలేదు. మర్నాడు షెడ్డులో పిల్లలందరి ముందూ నిలబడి తప్పు అమ్మాయిది కాదు, నాది అన్నాడు. నాకు కోపం సగం అక్కడే పోయింది, మిగతా సగం పోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇంకో ఏడాది చేసి మానేశాను. ఎందుకు మానేశావని కూడా అడగలేదు.

2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో 69 కిలోల్లో బంగారం కొట్టిన రవికుమార్‌ది మా బరంపురమే కాబట్టి మీ నాన్నగారి శిష్యుడా అని అడుగుతుంటారు, కాదు. నాన్న దగ్గర అంత దూరం వెళ్లినవాళ్లు లేరు, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటిన రాత్రి షెడ్డు రేకులన్నీ ఎగిరిపోయాయి. తెల్లారి మా ఇంటి గోడ పడిందో నిలబడిందో చూడకుండా రాడ్లు వెతకడానికి పరిగెత్తాడని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది, మనిషి లేకపోయినా.

కాబట్టి మీ ఆయనకి ఒక్కటే చెప్పండి, మీ పాప విషయంలో ఎంత పెట్టాలి, ఎప్పుడు దింపాలి అనేది వేరే కోచ్‌ని కూడా అడగమనండి. నేర్పడం వరకూ నాన్నని మించినవాళ్లు ఉండరు.

2018లో నాన్నకి పక్షవాతం వచ్చింది, కుడి చెయ్యి పడిపోయింది. ఇంటికొచ్చి వ్యాయామం చేయించే కుర్రాడు ఒకరోజు కిలో డంబెల్ చేతికిచ్చాడు. నాన్న దాన్ని చూసి, నన్ను చూసి, మాట సరిగ్గా తిరక్కపోయినా, "మొదటిదానికి ఇది ఎక్కువ, అర కిలో రాయండి" అన్నాడు. అర కిలో డంబెల్ లేదు. అర లీటరు సీసాలో నీళ్లు నింపి ఇచ్చాను. మూడుసార్లూ లేపాడు.