పదకొండు మంది బట్టలు ఉతికితే అది వాణిజ్య వినియోగమా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో పదకొండు మంది ఉన్న ఉమ్మడి కుటుంబం. 2023 అక్టోబరులో ఒక దుకాణంలో 7 కేజీల ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌ను రూ.27,500కు కొన్నాము. ఇంట్లో ఎంతమందిమో చెప్పి అడిగితే, ‘మీకు ఇది సరిపోతుంది, పదేళ్ళ వారంటీ ఉంది’ అని దుకాణదారు చెప్పారు. 2025 జనవరిలో పెద్ద శబ్దం మొదలైంది. కంపెనీ మెకానిక్ వచ్చి మెషీన్ కాళ్ళు సరిచేసి వెళ్ళారు. ఆగస్టులో నీరు కారడం, డ్రమ్ము ఊగడం మొదలయ్యాయి. బేరింగులు పోయాయని, మొత్తం టబ్బు మార్చాలని, రూ.11,800 అవుతుందని చెప్పారు. రెండేళ్ళ పూర్తి వారంటీ ఉంది కదా అంటే, రోజుకు మూడు విడతలు ఉతకడం వాణిజ్య వినియోగమని, పైగా ఓవర్‌లోడ్, బోరు నీళ్ళు అని జాబ్ కార్డులో రాశారు. పదేళ్ళ వారంటీ మోటారుకు మాత్రమేనట. నవంబరులో మళ్ళీ అడిగితే ఇప్పుడు అసలు వారంటీయే ముగిసిందన్నారు. బిల్లు మా మామగారి పేరున ఉంది, డబ్బు మా మరిది కార్డు మీద చెల్లించాము. మాకు ఏమైనా దారి ఉందా? ఈసారి ఎక్కువ కాలం మన్నే మెషీన్ కొనాలంటే చట్టపరంగా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

సమాధానం: దారి ఉంది. మీ వ్యవహారంలో బలమైన ఆధారం రెండేళ్ళ పూర్తి వారంటీ. పదేళ్ళ వారంటీని దాని పక్కన రెండవ అంశంగా మాత్రమే పెట్టుకోవాలి. ఆగస్టు 2025 నాటికి మీరు మెషీన్ కొని ఇరవై రెండు నెలలే అయింది. ఫిర్యాదు నమోదైన తేదీ, మెకానిక్ వచ్చి చూసిన తేదీ రెండూ గడువు లోపలివే కనుక, ఆనాడు చేయవలసిన మరమ్మతు చేయకుండా కాలం గడిపి, నవంబరులో గడువు తీరిందని చెప్పడం నిలబడే వాదన కాదు. వారంటీ కాలంలో బయటపడి, ఆ కాలంలోనే కంపెనీకి తెలియజేసిన లోపానికి సంబంధించిన బాధ్యత, క్యాలెండరులో నెలలు మారినంత మాత్రాన తొలగిపోదు. 2025 జనవరి నాటి శబ్దం ఫిర్యాదు కూడా మీకు పనికివస్తుంది. బేరింగు చెడడం మొదలైనప్పుడు ముందుగా వినిపించేది శబ్దమే. ఆనాడు డ్రమ్ము విప్పి చూడకుండా కాళ్ళు సరిచేసి వెళ్ళడాన్ని సేవాలోపంగా చూపించవచ్చు.

వాణిజ్య వినియోగం అన్న అభ్యంతరం పైకి గట్టిగా కనిపిస్తుంది గాని, లోపల పస లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(7) ప్రకారం తిరిగి అమ్మడానికి గాని వాణిజ్య ప్రయోజనానికి గాని వస్తువు కొన్నవారు వినియోగదారుల కిందికి రారు. అయితే చట్టం చూసేది ఆ వస్తువును ఏ ప్రయోజనం కోసం కొన్నారన్న విషయాన్ని. రోజుకు ఎన్ని విడతలు వాడారన్న లెక్కను కాదు. లీలావతి కీర్తిలాల్ మెహతా మెడికల్ ట్రస్టు కేసులో 2019లో సుప్రీంకోర్టు ఈ ప్రశ్ననే పరిశీలించి, కొనుగోలుకు లాభార్జన వ్యవహారంతో నేరుగా సంబంధం ఉన్నదా అన్నది సాధారణంగా చూడవలసిన విషయమని చెప్పి, ఆసుపత్రి నర్సుల నివాసం కోసం కొన్న ఫ్లాట్లను సైతం వాణిజ్య ప్రయోజనంగా పరిగణించడానికి నిరాకరించింది. అటువంటప్పుడు అత్తమామలు, తోడికోడళ్ళు, పిల్లల బట్టలు ఉతికే యంత్రాన్ని వాణిజ్య యంత్రం అనడం ఎలా కుదురుతుంది? ఒకవేళ మేడ మీద అద్దెకున్నవారి బట్టలు డబ్బు తీసుకుని ఉతుకుతూ ఉంటే మాత్రం ఆ సంగతి మీ న్యాయవాదికి ముందే చెప్పండి. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం వాడుకునేవారికి చట్టంలో మినహాయింపు ఉంది కాని, దానిని దాచిపెట్టి తరువాత బయటపడితే మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

ఇక్కడ ఒక తేడాను గమనించాలి. చట్టం ప్రకారం మీరు వినియోగదారులు కావడం ఒకటి, వారంటీ కార్డులోని షరతు మరొకటి. కార్డులో ‘గృహ వినియోగానికి మాత్రమే’ అని ఉంటే మీ వాడకం దానిలోకే వస్తుంది. రోజుకు ఇన్ని విడతలకు మించరాదన్న పరిమితి ఆ కార్డులో ముందే లేకపోతే, అమ్మకం అయిన తరువాత మెకానిక్ జాబ్ కార్డు మీద కొత్త షరతును చేర్చలేరు. కార్డును అట్టపెట్టెతో పాటు పారేసి ఉంటే, అదే మోడల్ వారంటీ షరతులను కంపెనీ వెబ్‌సైటు నుండి ముద్రించుకుని ఉంచుకోండి.

ఓవర్‌లోడ్, బోరు నీళ్ళు అన్న రెండు కారణాల విషయంలో మీరు కొంత జాగ్రత్తగా ఉండాలి. లోపం ఉన్నదని చూపించవలసిన భారం మొదట మీదే. ఆ లోపం మీ వాడకం వల్లనే వచ్చింది అంటే, ఆ సంగతిని రుజువు చేయవలసినది అలా అంటున్న కంపెనీ. ఒక వాస్తవం ఉందని ఎవరు చెబుతారో వారే దానిని రుజువు చేయాలన్నది సాక్ష్య చట్టంలోని మూల సూత్రం. మెకానిక్ మీ బట్టలను తూకం వేశారా? నీటి నమూనా తీశారా? తీయకుండా రాసిన రాత అభిప్రాయం మాత్రమే అవుతుంది. బోరు నీటిలోని సున్నం ముందుగా పేరుకునేది నీటిని వేడిచేసే హీటరు మీద. బేరింగులు ఎక్కువగా పాడయ్యేది వాటి ముందున్న సీలు అరిగి నీరు లోపలికి దిగినప్పుడు. కఠినజలానికీ మీ మెషీన్‌లో విరిగిన భాగానికీ మధ్య సంబంధాన్ని కంపెనీయే వివరించాలి. అయితే వాడకపు పుస్తకంలో నెల నెలా డీస్కేలింగ్ (పేరుకున్న సున్నాన్ని తొలగించడం) చేయాలని స్పష్టంగా ఉండి, మీరు ఒక్కసారి కూడా చేయకపోతే, వారి వాదనకు కొంత బలం వస్తుందని ఒప్పుకోవాలి. సాంకేతిక పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద, ఫిర్యాదు విచారించే జిల్లా వినియోగదారుల కమిషన్ మెషీన్‌ను తగిన ప్రయోగశాలకు పంపవచ్చు. నివేదికకు సాధారణంగా 45 రోజుల గడువు, దాని రుసుము ముందుగా డిపాజిట్ చేయవలసినది ఫిర్యాదుదారే. దీనికంటే ముందు, ఆ కంపెనీతో సంబంధం లేని అనుభవజ్ఞుడైన మెకానిక్ చేత తెరిపించి, పాడైన భాగాల ఫొటోలతో రాతపూర్వక అభిప్రాయం, దానికి తోడు అఫిడవిట్ తీసుకోవడం మంచిది.

దుకాణదారు నోటి మాటకు విలువ ఉంటుందా అన్నది మీరు అడగలేదు గాని, చాలామందికి ఉండే సందేహం అదే. ఉంటుంది. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(10)లో ‘లోపం’ నిర్వచనం చట్టం, ఒప్పందం నిర్దేశించిన ప్రమాణాలతో ఆగిపోలేదు. వ్యాపారి వస్తువు గురించి ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణం కూడా అందులోకి వస్తుంది. వస్తు విక్రయ చట్టం, 1930 సెక్షన్ 16 ప్రకారం, కొనుగోలుదారు తన అవసరం ఫలానా అని తెలియజేసి, అమ్మేవారి నైపుణ్యం మీద ఆధారపడి కొంటే, ఆ అవసరానికి వస్తువు సరిపోవాలన్న షరతు రాయకపోయినా ఉన్నట్లే లెక్క. ఫలానా బ్రాండు, ఫలానా మోడల్ ఇవ్వండని మీరే పేరు పెట్టి అడిగి కొంటే ఈ రక్షణ సన్నగిల్లుతుంది. మీరు పదకొండు మందిమని చెప్పి సలహా అడిగారు కనుక మీ పక్షాన ఉంది. దీనికి సాక్ష్యం మీతో వెళ్ళినవారి అఫిడవిట్లు, కొటేషన్, వాట్సాప్ సందేశాలు. వాట్సాప్ ముద్రిత ప్రతులు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం, 2023 సెక్షన్ 63 కింది ధ్రువపత్రాన్ని జతచేయాలి.

పదేళ్ళ వారంటీ ప్రకటనలో పెద్ద అక్షరాలతో ‘10 సంవత్సరాలు’ అని వేసి, మోటారుకు మాత్రమే అన్న సంగతిని చిన్న అక్షరాలలో దాచి ఉంటే, అది 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ జారీచేసిన మార్గదర్శకాలకు విరుద్ధం. ప్రధాన వాగ్దానం ఏ భాషలో ఉందో వివరణ కూడా ఆ భాషలోనే, అదే అక్షరాలలో ఉండాలని, ఆ వాగ్దానానికి వివరణ విరుద్ధంగా ఉండరాదని అవి చెబుతున్నాయి. ఆ సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు గాని, అది చూసేది వినియోగదారులందరి ప్రయోజనాన్ని. మీ డబ్బు మీకు రావడానికి మాత్రం జిల్లా కమిషన్‌కే వెళ్ళాలి.

ఏమి కోరాలన్న దగ్గర చాలామంది తొందరపడతారు. రూ.27,500 యంత్రానికి 5 లక్షల పరిహారం కోరే నోటీసులు నా బల్ల మీదికి తరచు వస్తుంటాయి, వాటివల్ల అసలు కోరిక కూడా తేలికైపోతుంది. మారుతీ ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో 2006లో సుప్రీంకోర్టు, లోపమున్న భాగాన్ని సరిచేయడానికో మార్చడానికో ఒప్పుకున్న వారంటీ ఆధారంగా మొత్తం వాహనాన్ని మార్చి ఇవ్వాలనడం సరికాదని చెప్పింది. అందువలన ప్రధాన కోరికగా టబ్బు, బేరింగులు, సీలు ఉచితంగా మార్చి, ఆ మరమ్మతుకు కొత్తగా వారంటీ ఇవ్వాలని, అది సాధ్యం కాకపోతే ధరను వడ్డీతో తిరిగి చెల్లించాలని, దానితో పాటు ఇంతకాలం బయట ఉతికించుకున్న ఖర్చు, మానసిక వేదనకు తగుమాత్రం పరిహారం, కోర్టు ఖర్చులు కోరండి. చాకలికో లాండ్రీకో ఇచ్చిన డబ్బుకు చీటీలు ఉంటే దాచండి.

ముందుగా కంపెనీకి, దుకాణానికి, సర్వీస్ సెంటరుకు పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేస్తే కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటనే, అంటే ఖమ్మంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, లేదా ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. బిల్లు మామగారి పేరున ఉంది కనుక ఫిర్యాదుదారుగా ఆయననే పెట్టండి; కొన్నవారి అనుమతితో వాడుకునేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే కాబట్టి మిమ్మల్ని రెండవ ఫిర్యాదుదారుగా చేర్చవచ్చు. కార్డు ఎవరిదన్నది పెద్ద అడ్డంకి కాదు, మీ మరిదిగారి స్టేట్‌మెంటు జతచేస్తే చాలు. సెక్షన్ 69 ప్రకారం కాలపరిమితి రెండేళ్ళు. తిరస్కరణ జరిగిన 2025 ఆగస్టు నుండి లెక్కించాలని మనం వాదించవచ్చు గాని, ఎదుటివారు శబ్దం మొదలైన నాటి నుండి లెక్కపెడతారు. కాబట్టి 2027 జనవరి వచ్చే లోపే వేయడం క్షేమం. నోటీసుల మీద నోటీసులు పంపినంత మాత్రాన ఈ గడువు పెరగదు. పరీక్ష అవసరం లేని కేసులు మూడు నెలల్లో, ఉన్నవి ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుందని అనుకుని సిద్ధపడండి.

కొత్త మెషీన్ విషయానికి వస్తే, కేజీల లెక్క పొడి నూలు బట్టలదని, సింథటిక్ బట్టలకు అంతకంటే తక్కువే వేయాలని గుర్తుంచుకోండి. పదకొండు మందికి 7 కేజీలు మొదటి నుండీ చిన్నదే. పెద్ద సామర్థ్యం గలది తీసుకుంటే విడతలు తగ్గి, ఓవర్‌లోడ్ అన్న సాకు కూడా తగ్గుతుంది. మోటారుకు ఎన్నేళ్ళు అన్నది పక్కన పెట్టి, బేరింగులు, సీలు, కంట్రోల్ బోర్డుకు ఎన్నేళ్ళు అని అడగండి. ముందుగా పోయేవి సాధారణంగా అవే. టబ్బు మూసి అతికించినదా, విప్పి బేరింగు ఒక్కటే మార్చగలిగినదా అన్నది కూడా అడిగి తెలుసుకోండి, ఎందుకంటే మీకు చెప్పిన రూ.11,800లో ఎక్కువ భాగం ఆ ఒక్క తేడా వల్ల వచ్చినదే అయి ఉండవచ్చు. వారంటీలో విడిభాగం మాత్రమే ఉచితమా, మెకానిక్ కూలి, రాకపోకల ఖర్చు కూడా ఉచితమా అన్నది చదవండి. డబ్బు కట్టి పొడిగించుకునే వారంటీ కొంటే, అది ఇచ్చేది కంపెనీయా, దుకాణమా, మూడో సంస్థా అన్నది తేల్చుకోండి. బిల్లు మీద ‘11 మంది గృహ వినియోగానికి, బోరు నీటికి తగినదని చెప్పి అమ్మబడినది’ అని రాసి సంతకం చేయమనండి. రాయడానికి దుకాణదారు వెనకాడితే, అదే మాటను వాట్సాప్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి.

పాత మెషీన్‌ను మాత్రం ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చివేయకండి. రెండు మూడు వేల రూపాయల తగ్గింపు కోసం దానిని వదులుకుంటే, కమిషన్ పరీక్షకు పంపమన్నప్పుడు పంపడానికి ఏమీ మిగలదు, బేరింగుల గురించి కంపెనీ చెప్పినదే చివరి మాట అవుతుంది. దానిని విడిభాగాలతో సహా కప్పి ఉంచి, నోటీసులోనే ‘యంత్రం యథాస్థితిలో మా ఇంట ఉన్నది, ఎప్పుడైనా వచ్చి పరిశీలించవచ్చు’ అని ఒక వాక్యం రాయండి.