ముందు నిద్రపో, తర్వాత బైబిలు తెరువు

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. "అత్తా, దేవుణ్ణి నమ్మాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. ఇక ముందు నేనేం చెయ్యాలో, అసలెందుకు చెయ్యాలో అదీ తెలియట్లేదు" అని రాశావు. యేసుప్రభువు సంగతి నన్నే అడగాలనిపించినందుకు సంతోషం. కానీ అదంతా రాత్రి మూడింటికి కూర్చుని రాశానన్నావు చూడు, నేను అక్కడే ఆగిపోయాను. అక్కణ్ణించే మొదలుపెడతాను.

నాన్న మంచాన పడ్డప్పుడు ఉద్యోగం మానుకుని ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నావు. వేళకి మందులు, రెండేసి గంటలకోసారి పక్కకి తిప్పడం, రాత్రంతా కోడి నిద్ర. నా తోడబుట్టినవాడు పోయి ఇన్ని నెలలైనా నీ ఒంటికి ఆ సంగతి ఇంకా తెలియలేదు, అదే వేళకి లేపేస్తోంది. నర్సుగా పనిచేసినన్నాళ్లూ ఇలాంటి కూతుళ్లని, కోడళ్లని చూస్తూనే ఉన్నాను. రోగి పోయాక మంచం పట్టేది వాళ్లే.

బైబిల్లో మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తీసి పక్కన పెట్టుకో. ఏలీయా ప్రవక్త కథ. అంతకుముందే పెద్ద గెలుపు గెలిచినవాడు, యెజెబెలు రాణి చంపుతానని కబురు పెడితే ప్రాణాలు అరచేత పట్టుకుని అరణ్యంలోకి పారిపోయాడు. బదరీవృక్షం కింద కూలబడి "ఇక చాలు, నా ప్రాణం తీసుకో" అన్నాడు. దేవుడు ఆయన్ని మందలించలేదు, విశ్వాసం గురించి ప్రసంగమూ చెయ్యలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపితే తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఉన్నాయి. తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారీ లేపి తినమన్నాడు. మాటలన్నీ ఆ తర్వాతే, హోరేబు కొండ దగ్గర.

నీకూ అదే వరస. ముందు నిద్ర, తిండి. వారాల తరబడి నిద్ర పట్టకపోతే డాక్టరుకి చూపించుకో. ఆయన మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లమంటే వెళ్లు. అలా వెళ్తే విశ్వాసం లేనట్టేనని చెప్పేవాళ్లు నీకు తగులుతారు. యేసు సంగతి ఊరూరా చెప్పిన పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడేనని వాళ్లకి గుర్తు చెయ్యి, లేదా ఊరుకో, వాదించే ఓపిక నీకిప్పుడు ఎందుకు? ఇంకో మాట సూటిగా అడుగుతున్నాను. "అసలెందుకు" అని రాసినప్పుడు చచ్చిపోవాలన్న ఆలోచన ఏమైనా ఉందా? ఉంటే ఉత్తరం రాస్తూ కూర్చోకు, ఈ క్షణమే ఫోన్ చెయ్యి. ఎంత రాత్రైనా సరే. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను.

ఇక చదవడం సంగతి. అందరిలాగే నువ్వూ ఆదికాండంతో మొదలుపెట్టి నియమాలతో నిండిన లేవీయకాండంలో ఇరుక్కుపోతావని నా అనుమానం. మార్కు సువార్త తియ్యి. యేసు జీవితం చెప్పే నాలుగు సువార్తల్లో చిన్నది, 16 అధ్యాయాలు. రోజుకో అధ్యాయం చాలు. ఒక మనిషిని కొత్తగా పరిచయం చేసుకుంటున్నట్టు చదువు: కష్టంలో ఉన్నవాళ్లతో ఈయన ఎలా మాట్లాడాడు, ఎవరి మీద కోప్పడ్డాడు, ఎవరి కోసం ఆగాడు. గ్రాంథికం కొరుకుడు పడకపోతే పైకి చదువు, లేదంటే వాడుక భాషలో వచ్చిన అనువాదాలున్నాయి. నచ్చని చోట్లు పుస్తకంలో రాసుకో, ముఖ్యంగా ఒళ్లు మండినవి. అయిదో అధ్యాయంలో యాయీరు అనే ఆయన కూతురు చావుబతుకుల్లో ఉంటే ప్రభువు దారిలో ఇంకొకామె కోసం ఆగుతాడు, ఈలోగా పిల్ల చనిపోయిందని కబురొస్తుంది. ఆ పిల్లని ఆయన లేపాడు. మీ నాన్నని లేపలేదు. అక్కడ నీకు కోపం వస్తుంది, రానీ.

తొమ్మిదో అధ్యాయానికి వచ్చేసరికి మాత్రం నెమ్మదిగా చదువు. జబ్బు పిల్లవాణ్ణి తీసుకొచ్చిన తండ్రి ఒకడు బిగ్గరగా అడుగుతాడు: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." సగం నమ్మకం, సగం అనుమానం. ముందు అనుమానాలన్నీ తీర్చుకుని రా అని యేసు ఆయన్ని తిప్పి పంపలేదు, పిల్లవాణ్ణి బాగుచేశాడు. ఎక్కడ మొదలుపెట్టాలని కదా అడిగావు, అదే చోటు. ప్రార్థనంటే పొడుగాటి మాటలు కావాలనుకుంటున్నావేమో, ఆ తండ్రి అన్న ఒక్క మాట చాలు.

అదీ నోట రాని రోజు బైబిల్లోని కీర్తనలు చదువు. 150 ఉన్నాయి, వాటిలో ఏడుపులు, నిలదీతలు బోలెడు. 13వది ఆరే వచనాలు, "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని దేవుణ్ణి ముఖం మీదే అడుగుతుంది. అది చివరికి నమ్మకంతోనే ముగుస్తుంది. 88వది అలా కూడా ముగియదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని చివరి మాట, అంతే. ఆ మాటని తీసెయ్యకుండా ప్రార్థనల పుస్తకంలో ఉంచారు చూడు, నేను క్రైస్తవురాలినైన కొత్తల్లో నన్ను నిలబెట్టింది అదే. దేవుడి ముందు మర్యాద నటించక్కర్లేదని అప్పుడు తెలిసింది.

నీకు ఈ ఏడాది ఎందుకిలా అయిందో వివరించడానికి జనం వస్తారు. ఫలానా పాపం వల్ల అని కొందరు, నిన్ను తన దగ్గరికి రప్పించుకోవడానికే దేవుడు నాన్నని తీసుకుపోయాడని కొందరు. రెండో మాట వినడానికి భక్తిగానే ఉంటుంది, నాకైతే అసహ్యం. బైబిల్లో ఆస్తీ పిల్లలూ పోగొట్టుకున్న యోబు కథ ఉంది. ఆయన స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు ఆయన పక్కన నేల మీద నోరు మెదపకుండా కూర్చున్నారు, అంతవరకు బాగానే చేశారు. కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడింది, గ్రంథం చివర దేవుడు కోప్పడింది వాళ్ల మీదే. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, "వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులా?" అని శిష్యులు అడిగితే యేసు ఇద్దరూ కాదన్నాడు. నీ ఎందుకుకి నా దగ్గర జవాబు లేదు. ఉందని చెప్పేవాడి దగ్గర కూర్చోకు.

నువ్వు రాయలేదు గానీ, మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. నాన్న నమ్మలేదు కదా, మరి ఆయన సంగతేంటి అని. నేను నమ్ముకున్నప్పుడు వాడు నన్ను ఆటపట్టించాడు, కానీ ప్రార్థన కూడికకి వెళ్లడం ఆలస్యమైతే బండి మీద దింపి వచ్చినవాడూ వాడే. ఈ ప్రశ్న నేను ఏడుస్తూనే అడుగుతున్నాను. అబ్రాహాము దేవుణ్ణి అడిగాడు, "సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చెయ్యడా?" అని. చేస్తాడని నమ్ముతున్నాను. అంతకుమించి ఇటుగానీ అటుగానీ తీర్పు చెప్పే అధికారం నాకు లేదు, ఏ పాస్టరుగారికీ లేదు.

చర్చి సంఘం మాత్రం కావాలి. ఒంటరిగా ఇంట్లో కూర్చుని ఫోన్లో ప్రసంగాలు వింటే విశ్వాసం నిలవదు. ఏలీయా కూడా "నేనొక్కడినే మిగిలాను" అని రెండుసార్లు మొరపెట్టుకున్నాడు, తనని విడవనివాళ్లు ఇంకా ఏడు వేలమంది ఉన్నారని దేవుడు లెక్క చెప్పాడు. మొదట్లో వెనక వరసలో కూర్చో, పాటలు రాకపోతే విను. పాస్టరుగారిని ఒక గట్టి ప్రశ్న అడిగి చూడు. తెలియదు అనగలిగినవాడైతే మంచిదే. మందులు మానెయ్యమన్నా, డబ్బిస్తే దీవెన వస్తుందన్నా, ఇంట్లోవాళ్లకి చెప్పకుండా రమ్మన్నా, చెప్పులు తొడుక్కుని వచ్చెయ్. మైకు గొప్పగా ఉందా, పాటలు బాగున్నాయా అని కాదు, ఆరాధన అయ్యాక ముసలివాళ్లని, పేదవాళ్లని ఎవరు పలకరిస్తున్నారో చూడు. నాకు అదే కొలత.

బాప్తిస్మానికి తొందరపడకు, తొందరపెట్టనివ్వకు. గోపురం కట్టదలిచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువే చెప్పాడు. సువార్త చదివి, ప్రశ్నలు అడిగి, నీ అంతట నువ్వు "ఈయన నా ప్రభువు" అనగలిగిన రోజున తీసుకో. దుఃఖంలో ఉన్నవాళ్ల చేత ఎవరైనా ఏదైనా ఒప్పించవచ్చు, అందుకని చెబుతున్నాను.

ఇక రెండో ప్రశ్న, ఏం చెయ్యాలని. ఆ హోరేబు కొండ దగ్గర దేవుడు ఏలీయాని "ఇక్కడ నీకేం పని?" అని అడిగాడు. ఏలీయా తన గోడు చెప్పుకున్నాడు. గాలి, భూకంపం, నిప్పు, ఆ తర్వాత నిమ్మళంగా ఒక స్వరం, మళ్లీ అదే ప్రశ్న. ఏలీయా మళ్లీ అదే గోడు, దాదాపు అక్షరం పొల్లుపోకుండా. అప్పుడు దేవుడు ఆయన బాధని విశ్లేషించలేదు, పని చెప్పాడు: హజాయేలుని సిరియాకి రాజుగా, యెహూని ఇశ్రాయేలుకి రాజుగా, ఎలీషాని నీ బదులు ప్రవక్తగా అభిషేకించు. వీటిలో ఏలీయా నేరుగా చేసినట్టు కనిపించేది ఒక్క ఎలీషాని పిలవడమే. మిగతా రెండూ ఎలీషా కాలంలో నెరవేరాయి. అంటే దొరికింది పనితో పాటు ఒక తోడు కూడా. పనంతా తనే పూర్తిచెయ్యాల్సిన అవసరమూ రాలేదు.

అందుకే జీవిత పరమార్థం కనుక్కున్నాకే కదులుతానని కూర్చోకు. నీకు వచ్చిన పనొకటి ఉంది, ఈ ఏడాదే నేర్చుకున్నావు. నొప్పి తెలియకుండా మనిషిని పక్కకి తిప్పడం, మోకాళ్ల మధ్య దిండు పెట్టడం, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో వేలితో నొక్కి చూడడం. నాన్నని చూడ్డానికి వచ్చినప్పుడు నీ చేతులు చూశాను, నర్సులకే కుదరదు అంత నేర్పు. సంఘంలోనో, మీ వీధిలోనో మంచాన ఉన్నవాళ్లు, వాళ్లని చూసుకుంటూ నిద్రలేక వాడిపోయినవాళ్లు తప్పకుండా ఉంటారు. వారానికో మధ్యాహ్నం వెళ్లి, "మీరు పడుకోండి, నేను చూస్తాను" అను. అప్పుడు కూడా బైబిలు పట్టుకెళ్లకు, వాళ్లు అడిగితే చూద్దాం. మనం పొందిన ఆదరణతోనే ఇతరుల్ని ఆదరించాలని పౌలు కొరింథీయులకి రాసింది ఇలాంటిదే. ఇదీ నువ్వు తేరుకున్నాకే సుమా, ఈ నెలలో కాదు.

ఉద్యోగం కూడా వెతుక్కో. అంతా వదిలేసి పూర్తికాల సేవకి వెళ్లిపోవాలనిపిస్తుంది, ఏడాది తిరిగేదాకా ఆ నిర్ణయం తీసుకోవద్దు. పౌలు డేరాలు కుట్టుకుంటూనే సువార్త చెప్పాడు.

అమ్మ విషయం. ఎవరో చెప్పి తెలిసేకంటే నీ నోటితో నువ్వే చెప్పు, అదీ మీ ఇద్దరూ ప్రశాంతంగా ఉన్న పూట. వదిన బాధపడుతుంది. మొగుడు పోయాడు, కూతురు కూడా చేజారిపోతోందనుకుంటుంది. నువ్వెక్కడికీ పోవడం లేదని మాటల్లో కాదు, రోజూ ఆమెతో కూర్చుని తిని చూపించు. ఆమెకి బోధించకు, ఆమె పూజ గదిని వేలెత్తి చూపకు. నేనే నీ మనసు మార్చానని నన్ను తిడితే తిట్టనీ, వదినే కదా, నేను పడతాను. ఈ ఉత్తరం ఆమెకి కనపడేలా బల్ల మీదే పెట్టు, దాచకు. చదివి నాకు ఫోన్ చేస్తుంది. నేను ఎత్తుతాను.

నీ అత్త