ముందు ఉప్పు చిప్స్ నిలబెట్టు, ఫ్లేవర్ల సంగతి తర్వాత

అమ్మాయ్ శైలజా,

నువ్వు పంపిన లిస్టు చూశాను. మియాపూర్‌లో కొట్టు ఇంకా తెరవనే లేదు, అప్పుడే ఎనిమిది ఫ్లేవర్లు రాసేశావు. టమాటా అట, చీజ్ అట, పెరిపెరి అట. ఉప్పు చిప్స్ మాత్రం అట్టడుగున, ‘ప్లెయిన్’ అని ఒక్క ముక్క. నన్నడిగితే ఆ లిస్టు తలకిందులు చెయ్యమంటాను. ఎందుకో రాస్తున్నాను, ఓపిగ్గా చదువు. అల్లుడికీ చదివి వినిపించు, బాణలి దగ్గర నిలబడేది అతనే కదా.

ఉప్పు చిప్స్‌లో ఉండేవి దుంప, నూనె, ఉప్పు. అంతే. ఈ మూడింట్లో ఏది తేడా చేసినా కొన్నవాడికి మొదటి ముక్కలోనే తెలిసిపోతుంది. మసాలా చిప్స్ అలా కాదు. కాస్త మాడిన దుంపయినా, బాగా వాడేసిన నూనెయినా, పైన కారం, పులుపు, తీపి పడేసరికి నాలుక పట్టుకోలేదు. కొన్ని కొట్లలో నిన్న మిగిలిన ఉప్పు చిప్స్ ఇవాళ మసాలా చిప్స్ అయ్యేది ఇందుకే. ఆ అలవాటు నీ గడప తొక్కనివ్వకు. ఉప్పు చిప్స్ కోసం వెతుక్కుంటూ వచ్చే గిరాకీ వచ్చాక మిగతావి చూద్దువుగాని.

దుంప దగ్గరే సగం పని ఉంది. కూరకి బ్రహ్మాండంగా ఉన్న బంగాళాదుంప చిప్స్‌కి పనికొస్తుందని లేదు. మనకి వచ్చే ఆగ్రా సరుకు ఏడాదిలో చాలా నెలలు కోల్డ్ స్టోరేజీలోంచి వచ్చేదే. రెండు నుంచి నాలుగు డిగ్రీల చలిలో ఉన్న దుంపలో పిండి పదార్థం కొంత చక్కెరగా మారిపోతుంది. అది నూనెలో పడగానే లోపల ఉడికేలోపే పైన ఎర్రబడి చేదెక్కుతుంది. ఆ ఎరుపు వెనకాల ఇంకో సంగతి ఉంది. చక్కెర, దుంపలో సహజంగా ఉండే ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ వేడిలో కలిస్తే ఆక్రిలమైడ్ అనే పదార్థం పుడుతుంది. ఒంటికి మంచిది కాదంటారు. 2002లో స్వీడన్ వాళ్లు బయటపెట్టాక పెద్ద కంపెనీలన్నీ దుంపలో చక్కెర మీద కన్నేశాయి. ప్లెయిన్‌లోనూ ఉంటుంది, మసాలాలోనూ ఉంటుంది. ప్లెయిన్‌లో అయితే మాడిన రంగు కంటికి కనిపిస్తుంది, ఎర్ర కారం కింద కనిపించదు.

చిప్స్ కోసమే సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ కుఫ్రీ చిప్సోనా అనే రకాలు తయారుచేసింది. మొదటివి 1998లో విడుదలయ్యాయి. వాటిలో నీరు తక్కువ, పదార్థం ఎక్కువ, చక్కెర బాగా తక్కువ. మార్కెట్లో ‘షుగర్ ఫ్రీ ఆలూ’ అని కూడా అమ్ముతారు. అది షుగర్ పేషెంట్ల కోసమనుకునేవు! పది, పన్నెండు డిగ్రీల దగ్గర, మొలక రాకుండా మందు పట్టించి నిలవచేసిన సరుకు, అంతే. పేరు ఏది చెప్పినా సరే, బస్తా బేరం ఆడేముందు రెండు మూడు దుంపలు పట్టుకొచ్చి కోసి వేయించి చూడు. బంగారు రంగులో సమంగా వస్తే బస్తా దింపించు. అంచునో నడిమధ్యనో గోధుమ రంగు వలయం కడితే వద్దను. తప్పక తీసుకోవాల్సి వస్తే రెండు మూడు వారాలు గాలాడే చోట, మామూలు వేడిలో ఆరబెట్టినట్టు ఉంచు, చక్కెర కొంత తగ్గుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకు.

ముక్క మందం మిల్లీమీటరున్నర దాటకూడదు. కోసినవాటిని నీళ్లలో జాడించి, పైన అంటుకున్న పిండి పోయాక బట్టమీద పరిచి తడి ఆర్చు. తడితో వేస్తే చిందటమే కాదు, నూనె కూడా తొందరగా పాడవుతుంది. నూనె 175–180 డిగ్రీల మధ్య ఉండాలి, వంద రూపాయలు ఎక్కువైనా మంచి థర్మామీటరు కొను. బుడగలు ఆగిపోతున్నాయంటే ముక్కలో నీరు అయిపోతున్నట్టు. అప్పుడే చిల్లుల గరిటెతో తీసెయ్యాలి, ఇంకో క్షణం ఆగితే రంగు మారుతుంది. కిలో చిప్స్ రావాలంటే దాదాపు నాలుగు కిలోల దుంప పడుతుంది. ఆ కిలోలో మూడో వంతు నూనే. అంటే నువ్వు అమ్మేది దుంపతోపాటు నూనె కూడా, కాబట్టి నూనె దగ్గర కక్కుర్తి పడకు. పాత నూనెలో కొత్త నూనె కలుపుతూ పోతే పాతది ఎన్నటికీ వదలదు. వేయించిన నూనెలో పోలార్ పదార్థాలు, అంటే కాగిందే కాగేకొద్దీ నూనె విరిగి పుట్టేవి, 25 శాతం దాటకూడదని 2018 జులై నుంచి రూలు ఉంది. వాటిని కొలిచే మీటరు కొనలేకపోయినా, నురగ కట్టి, చిక్కబడి, ముందుకంటే త్వరగా పొగ వస్తోందంటే ఆ నూనె పని అయిపోయింది. దాన్ని బజ్జీల బండివాడికి అమ్మకు. బయోడీజిల్ కోసం కొనేవాళ్లున్నారు, వాళ్లకివ్వు.

అన్నట్టు, అరటికాయ చిప్స్‌కి కేరళవాళ్లు ఉప్పునీళ్లు నూనెలోనే చల్లుతారు. దుంపకి మెత్తని ఉప్పు చాలు, తీసిన వెంటనే, పైన నూనె తడి ఉండగానే. ఆరిపోయాక చల్లితే డబ్బా అడుగున ఉప్పు మిగులుతుంది.

ఇక నీ ఫ్లేవర్లు. హోల్‌సేల్ కొట్లో దొరికే పొడి ప్యాకెట్ ముందువైపు టమాటా బొమ్మ చూసి మురిసిపోకు, వెనక్కి తిప్పు. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలని రూలు. చాలావాటిలో మొదటి వరసలోనే ఉప్పు, పంచదార, మాల్టోడెక్స్ట్రిన్ కనిపిస్తాయి. మాల్టోడెక్స్ట్రిన్ అంటే పిండి పదార్థాన్ని విడగొట్టి చేసిన పొడి. పెద్దగా రుచి ఉండదు, వాసనల్ని మోస్తుంది, పొడికి బరువిస్తుంది. ఆ బరువుకీ నువ్వే డబ్బు కడుతున్నావని గుర్తుంచుకో. టమాటా పొడి ఎక్కడో కిందుంటుంది. ఆ తర్వాత నంబర్లు, పొడిలో కలిపినవాటికి పేరు బదులు రాసే గుర్తులు. 330 అంటే మన నిమ్మ ఉప్పే. 296 మాలిక్ ఆసిడ్, పుల్లటి యాపిల్లో ఉండే పులుపు. 551 పొడి గడ్డకట్టకుండా వేసే సిలికా. 627, 631 రుచి పెంచేవి. 621 అంటే టేస్టింగ్ సాల్ట్. నంబరు కనిపించగానే విషం అనుకోకు, అలాగని ఇంట్లో వాడేవే అని గిరాకీకి చెప్పనూ చెప్పకు.

ఆ 631 దగ్గర మాత్రం కాస్త ఆగు. దాన్ని మాంసం, చేపల నుంచీ తీయొచ్చు, పులియబెట్టీ చేయొచ్చు. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసే కొను. శనివారం నీచు ముట్టనివాళ్లు మీ వీధిలో ఎంతమందో! చీజ్, క్రీమ్ పొడుల్లో పాలపొడి ఉంటుంది, పాలు పడని పిల్లలుంటారు కాబట్టి ఆ మాట రాసిపెట్టాలి. పైగా వానాకాలంలో అవి చెమ్మ పీల్చి ముద్దవుతాయి. ఆ రెండూ నీ లిస్టులోంచి కొట్టెయ్యి.

కిలో చిప్స్‌కి అరవై, డెబ్బై గ్రాముల పొడి పడుతుంది. పొడిలో ఉప్పు ఉంది కాబట్టి ముందు ఉప్పు వెయ్యకు. పెద్ద బేసిన్లో ఎగరేస్తూ చల్లు. మరీ సలసలలాడేటప్పుడు వేస్తే వెల్లుల్లి పొడి కమురుతుంది, చల్లారితే అంటదు.

నా మాట వింటే పొడి ఇంట్లోనే కొట్టించు. ఎండుమిర్చి కాస్త వెచ్చబెట్టి పొడి చెయ్యి, పచ్చి కారం చల్లితే గొంతులో పట్టుకుంటుంది. ఎరుపు కావాలంటే గుంటూరు మిర్చిలో బ్యాడగి మిర్చి కలుపు, రంగు పొడి జోలికి పోకు. వేయించిన జీలకర్ర, ఆమ్‌చూర్, నల్ల ఉప్పు, చిటికెడు పంచదార. అన్నీ పొడి పొడిగా, సన్న జల్లెడ పట్టి. పచ్చి ఉల్లి, పచ్చి వెల్లుల్లి తగిలితే చిప్స్ మెత్తబడతాయి. ఎండబెట్టినవే వాడు.

ఈ ఫ్లేవర్ల పిచ్చి మనది కాదులే. ఇంగ్లండులో స్మిత్స్ కంపెనీ చిన్న నీలం కాగితపు పొట్లంలో ఉప్పు పెట్టి అమ్మేది, తినేవాడే చల్లుకునేవాడు. 1954లో డబ్లిన్‌లో జో మర్ఫీ అనే ఆయన టేటో కంపెనీ పెట్టి చీజ్–ఉల్లి చిప్స్ తెచ్చాక దారి మారింది. మనదేశానికి లేస్ 1995లో వచ్చింది, ఇవాళ పిల్లలు చిప్స్ అంటే మసాలా రంగే అనుకుంటున్నారు. దాంతో నువ్వు పోటీ పడలేవు, పడక్కర్లేదు. వాళ్ల ప్యాకెట్లో నైట్రోజన్ ఉంటుంది, నెలల తరబడి నిలవుంటుంది. నీది బాణలిలోంచి తీసిన పూట తినేది. పల్చటి కవర్లో కట్టి ఎండలో వేలాడదీస్తే వారం తిరక్కుండా నూనె మక్కు వాసన కొడుతుంది.

ఇంకొకటి, ‘ప్లెయిన్ కాబట్టి పిల్లలకి మంచిది’ అని బోర్డు రాయించకు. వంద గ్రాములకి 540 కేలరీల దరిదాపుల్లో ఉంటాయి, ప్లెయినైనా మసాలా అయినా.

ప్యాక్ చేసి అమ్మితే ఫుడ్ లైసెన్సు నంబరు, వేసిన పదార్థాలు, బరువు, తేదీ రాయాలి. ఆ పని అల్లుడికి అప్పజెప్పు.

మొదట ఉప్పు, కారం, వెల్లుల్లి కారం, ఈ మూడే పెట్టు. నాలుగోది ఎవరైనా పేరు పెట్టి అడిగితే చూద్దాం. వెల్లుల్లి కారం కొలతలు మీ అత్తయ్య వేరే కాగితం మీద రాస్తోంది, ఈ వారంలోనే పంపిస్తాను. ఈలోగా ఆ టమాటా పొడి ప్యాకెట్ వెనకవైపు ఫొటో తీసి నాకు పెట్టు.

ఆశీస్సులతో,
మీ మామయ్య